విమాన దూరమూ, ప్రయాణ కాలమూ: దూర పట్టికలపై ఒక విమర్శ

హైదరాబాదు నుండి ఢిల్లీకి విమాన దూరం 1,267 కిలోమీటర్లు. జెట్ విమానం గంటకు 850 కిలోమీటర్ల వేగంతో పోతుంది. అయితే ప్రయాణానికి ఎంత కాలం పడుతుంది?

ఎనిమిదో తరగతి విద్యార్థి ఎవరైనా ఈ లెక్కను ఒక్క నిమిషంలో చేసివేస్తాడు. దూరాన్ని వేగంతో భాగిస్తే 1 గంట 29 నిమిషాలు వస్తుంది. భాగహారంలో తప్పు లేదు. ఉపాధ్యాయుడు పూర్తి మార్కులు వేస్తాడు. కాని అదే విద్యార్థి విమానాల కాలపట్టికను తీసి చూస్తే, అందులో సుమారు రెండుంబావు గంటలు అని ఉంటుంది. ఈ రెండింటి మధ్య ముప్పావు గంట ఎక్కడికి పోయింది?

ఇది చిన్న విషయమని త్రోసివేయటానికి వీలు లేదు. సమాధానం చెప్పేవారు లేనప్పుడు విద్యార్థి తనంతట తానే ఒక నిర్ణయానికి వస్తాడు. పుస్తకంలోని లెక్క పరీక్ష కోసమే గాని లోకం కోసం కాదని అనుకుంటాడు. భౌతికశాస్త్రం విషయంలో ఒక విద్యార్థి మనస్సులో ఇంతకంటె హాని చేసే అభిప్రాయం మరొకటి పుట్టబోదు. నిజానికి లెక్క ఓడిపోలేదు. లెక్క వెనుక ఉన్న ఊహలను ఎవరూ పైకి చెప్పలేదు, అంతే.

నగరాల మధ్య దూరాలనూ ప్రయాణ కాలాలనూ చూపే పట్టికలు సాధారణ విజ్ఞాన గ్రంథాలలోను, డైరీల చివరి పుటలలోను చాలా కాలంగా కనిపిస్తున్నవే. ఇప్పుడు అవి చేతి ఫోనులలో కూడ దొరుకుతున్నవి. రూపం మారినా పద్ధతి మారలేదు. రెండు నగరాల పేర్లు, వాటి మధ్య ఒక దూరం, ఆ పక్కన ఒక కాలం. కొన్ని పట్టికలు భాగహార ఫలానికి ఎక్కటానికీ దిగటానికీ అని ఒక అరగంట కలుపుతాయి. అట్లా కలిపినా హైదరాబాదు, ఢిల్లీల లెక్క రెండు గంటల దగ్గరే ఆగిపోతుంది. ఈ పట్టికలలో ఏది నమ్మదగినది, ఏది కానిది, ఎందువల్ల అన్నది పరిశీలించవలసి ఉన్నది.

దూరం ఎట్లా వచ్చింది?

ముందుగా దూరాన్ని చూద్దాం. ఈ భాగంలో పట్టికను మెచ్చుకొనవలసినది చాలా ఉన్నది.

భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు. దీనిని 360 చేత భాగిస్తే భూకేంద్రం దగ్గర ఒక డిగ్రీ కోణానికి నేలమీద సుమారు 111 కి.మీ. వస్తుంది. శంషాబాదు విమానాశ్రయం 17 డిగ్రీల 14 నిమిషాల ఉత్తర అక్షాంశం, 78 డిగ్రీల 26 నిమిషాల తూర్పు రేఖాంశం మీద ఉన్నది. ఢిల్లీ విమానాశ్రయం 28 డిగ్రీల 34 నిమిషాలు, 77 డిగ్రీల 6 నిమిషాల మీద ఉన్నది. అక్షాంశాల భేదం 11.33 డిగ్రీలు, అనగా ఉత్తర దిశలో 1,260 కి.మీ. రేఖాంశాల భేదం 1.33 డిగ్రీలు. అయితే రేఖాంశాలు ధ్రువం వైపు పోయినకొద్దీ దగ్గరవుతాయి కదా! ఈ రెండు నగరాల నడుమ, అనగా 23 డిగ్రీల అక్షాంశం దగ్గర, ఒక డిగ్రీ రేఖాంశానికి 102 కి.మీ. మాత్రమే ఉంటుంది. కాబట్టి పడమటి దిశలో 136 కి.మీ. ఇక పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం రెండింటి వర్గాలను కలిపి వర్గమూలం తీస్తే 1,267 కి.మీ. వస్తుంది.

ఇంత తేలికగా, పదో తరగతి గణితంతో, రెండు దూర నగరాల మధ్య దూరం తేలటం అందమైన విషయం. ఈ పద్ధతి దగ్గరి నగరాలకే చెల్లుతుంది. ఖండాలు దాటే దూరాలకు గోళీయ త్రికోణమితి కావాలి. గోళం మీద రెండు బిందువులను కలిపే అతి చిన్న దారి మహావృత్తపు చాపం. భూకేంద్రం గుండా పోయే సమతలం భూమిని కోసినప్పుడు ఉపరితలం మీద ఏర్పడే వృత్తమే మహావృత్తం. పట్టికలలోని దూరం ఈ చాపపు పొడవు.

చివరి అంకె మీద మోజు

పొరపాటు ఇక్కడే మొదలవుతుంది. పట్టికలో 1,267 అని నాలుగు అంకెలు కనిపించగానే, ఆ చివరి 7 కూడ ఎవరో కొలిచి చూచినదని పాఠకుడు నమ్ముతాడు. ఆ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో చూడాలి.

భూమి సరి అయిన గోళం కాదు. ధ్రువాల వద్ద కొద్దిగా నొక్కుకొని ఉన్నది. ఆ సవరణ చేస్తే ఈ దూరం 5 కి.మీ. తగ్గుతుంది. విమానం నేలమీద కాక సుమారు 11 కి.మీ. ఎత్తున పోతుంది, ఆ ఎత్తున చాపం 2 కి.మీ. పెరుగుతుంది. ఈ రెండూ చిన్నవి. ఇంతకంటె పెద్దది మరొకటి ఉన్నది. 2008 మార్చి వరకు హైదరాబాదు విమానాలు బేగంపేట నుండి ఎగిరేవి. ఆ నెలలో శంషాబాదు విమానాశ్రయం తెరిచారు. నగరం ఉన్నచోటనే ఉన్నది, ఢిల్లీ ఉన్నచోటనే ఉన్నది. కాని విమాన దూరం 20 కి.మీ.కు పైగా పెరిగింది. కాబట్టి నగరాల మధ్య దూరం అన్న మాటకు, ఏ బిందువు నుండి ఏ బిందువుకు అని చెప్పనంతవరకు, కిలోమీటరు పాటి నిర్దిష్టత లేదు.

అన్నింటికంటె పెద్ద సవరణ మరొకటి. విమానం మహావృత్తం మీద గీత గీసినట్లు పోదు. గాలి ఏ వైపునుండి వీస్తే ఆ వైపునకు ఎగరాలి, ఆ వైపునకే దిగాలి. అందుచేత ఉత్తరానికి పోవలసిన విమానం ఒక్కొక్కప్పుడు మరొక దిశగా లేచి తరువాత తిరుగుతుంది. మధ్యలో నిర్ణీతమైన ఆకాశ మార్గాలు ఉన్నవి. సైనిక అవసరాలకు కేటాయించిన గగనతలాన్ని తప్పుకొని పోవాలి. రద్దీగా ఉన్న విమానాశ్రయం దగ్గర వరుసలో తన వంతు వచ్చేదాకా చుట్టు తిరగాలి. వీటన్నింటివల్ల ఇటువంటి ప్రయాణంలో 50 కి.మీ. అదనంగా పోవటం వింత కాదు.

పట్టిక ఇచ్చిన దూరం అబద్ధం కాదు. అది విమానం పోయే దారి పొడవు కాదు. ఏ విమానమూ అంతకంటె తక్కువ దూరంలో పోలేదని చెప్పే హద్దు. హద్దుగా చదివినవారికి అది చాలా ఉపయోగకరం. దారి పొడవుగా చదివినవారిని అది మోసగిస్తుంది.

భాగహారం మరచినది

కాలం విషయంలో పట్టికల లోపం దూరంలోని లోపం కంటె చాలా పెద్దది. దూరాన్ని కిలోమీటరు దాకా చెప్పిన పట్టిక, కాలంలో ముప్పావు గంట తప్పిపోతున్నది.

850 కి.మీ. వేగం విమానం ఎత్తుకు చేరి నిలకడగా పోయేటప్పటిది. తలుపు మూసిన నిమిషం నుండి తెరిచే నిమిషం వరకు ఉండేది కాదు. కాలపట్టికలో ఉండే కాలం మాత్రం విమానం నిలిచిన చోటునుండి కదలటం మొదలు, గమ్యస్థానంలో తిరిగి నిలిచేవరకు. దీనినే వైమానిక పరిభాషలో బ్లాక్ టైము అంటారు. ఈ కాలంలో విమానం కొంతసేపు నేలమీద బండివలె రన్‌వే దాకా నడుస్తుంది. తరువాత ఎత్తు ఎక్కుతుంది. 10,000 అడుగుల కంటె దిగువన వేగాన్ని సాధారణంగా 250 నాట్లకు, అనగా గంటకు సుమారు 460 కి.మీ.కు, మించనీయరు. దిగేటప్పుడు సుమారు 200 కి.మీ. ముందునుండే ఎత్తును, వేగాన్ని క్రమంగా తగ్గించుకొంటూ రావాలి.

తరగతిలో లెక్క చేయటానికి కొన్ని గుండ్రని సంఖ్యలు తీసుకొందాం. ఇవి ఏ ఒక్క విమానానికీ కొలిచినవి కావు; క్రమం తెలియటానికి మాత్రమే. నేలమీద నడక, బయలుదేరేటప్పుడు 15 నిమిషాలు, దిగిన తరువాత 10 నిమిషాలు. ఎక్కటానికి 20 నిమిషాలు, సగటు వేగం గంటకు 600 కి.మీ.; ఈ లోపల 200 కి.మీ. గడుస్తుంది. దిగటానికి 24 నిమిషాలు, సగటు వేగం 550 కి.మీ.; ఈ లోపల 220 కి.మీ. గడుస్తుంది. దారిలోని వంకలు కలిపి మొత్తం దూరం 1,320 కి.మీ. అనుకొంటే, నిలకడ వేగంతో పోవటానికి మిగిలేది 900 కి.మీ.; దానికి 64 నిమిషాలు. అన్నీ కలిపితే 133 నిమిషాలు, అనగా 2 గంటల 13 నిమిషాలు. కాలపట్టికలోని రెండుంబావు గంటలకు ఇది ఎంత దగ్గరగా ఉన్నదో చూడండి. తప్పిపోయిన ముప్పావు గంట దొరికింది.

దీనిని గ్రాఫు కాగితం మీద గీస్తే మరింత స్పష్టంగా ఉంటుంది. అడ్డంగా కాలం, నిలువుగా వేగం. పట్టికవారి విమానం ఒక దీర్ఘచతురస్రం: సున్న నుండి ఒక్కసారిగా 850కి లేచి, చివర ఒక్కసారిగా సున్నకు పడిపోతుంది. అటువంటి విమానంలో మనిషి బ్రతకడు! నిజమైన విమానం గ్రాఫు ఇంచుమించు సమలంబ చతుర్భుజం. రెండు పక్కలా నేలమీది నడకకు చెందిన సన్నని తోకలు ఉంటాయి. గీతకు దిగువనున్న వైశాల్యమే దూరం. వైశాల్యం సమానంగా ఉండి పక్కలు వాలిపోయినప్పుడు అడుగుభాగం పొడవు కాక తప్పదు. ఆ పొడవే అదనపు కాలం.

తక్కువ దూరాలలో లోపం ఎక్కువ

పట్టికలలోని లోపం దగ్గరి నగరాల విషయంలో ఇంకా కొట్టవచ్చినట్లు కనిపిస్తుంది. హైదరాబాదు నుండి విజయవాడ, అనగా గన్నవరం, 264 కి.మీ. గంటకు 850 కి.మీ. చొప్పున భాగిస్తే 19 నిమిషాలు వస్తుంది. కాలపట్టికలో సుమారు ఒక గంట ఉంటుంది. విశాఖపట్నం సుమారు 510 కి.మీ.; భాగహారం 36 నిమిషాలు, కాలపట్టిక సుమారు 75 నుండి 80 నిమిషాలు. ఢిల్లీకి భాగహారం 89, కాలపట్టిక సుమారు 135.

ఈ మూడింటిని పక్కపక్కన పెడితే ఒక సంగతి బయటపడుతుంది. విజయవాడకు భేదం 41 నిమిషాలు; విశాఖపట్నానికి 40 చిల్లర; ఢిల్లీకి 46. దూరం దాదాపు అయిదింతలు అయినా భేదం అయిదింతలు కాలేదు, ఇంచుమించు స్థిరంగా ఉన్నది. నేలమీద నడవటం, ఎక్కటం, దిగటం అనేవి దూరంతో సంబంధం లేకుండా ప్రతి ప్రయాణంలోను ఒక్కసారే జరుగుతాయి గనుక ఇట్లా అయింది. కాబట్టి కాలం దూరానికి అనులోమానుపాతంలో లేదు. ఒక స్థిరరాశి, దానికి తోడు దూరాన్ని వేగంతో భాగించగా వచ్చినది, ఈ రెండింటి మొత్తంగా ఉన్నది. గ్రాఫు గీస్తే సరళరేఖే వస్తుంది, కాని అది మూలబిందువు గుండా పోదు. నిలువు అక్షాన్ని 40 నిమిషాల పైచిలుకు దగ్గర ఖండిస్తుంది. ఆ రేఖ వాలు విమాన వేగాన్ని చెబుతుంది, అంతరఖండం విమానాశ్రయాల కథను చెబుతుంది.

అరగంట కలిపే పట్టికలు ఈ దారిలో ఒక అడుగు వేసినవే. స్థిరరాశి ఉన్నదని అవి గుర్తించినవి. దాని విలువను మాత్రం తక్కువ కట్టినవి. చిన్న దూరాలలో తిరిగే ప్రొపెల్లరు విమానాల నిలకడ వేగం 500 కి.మీ. ప్రాంతంలోనే ఉంటుందన్నది కూడ అవి పట్టించుకోలేదు. అన్ని దారులకూ ఒకే వేగం వాడటం, అన్ని బండ్లకూ ఒకే చక్రం బిగించటం వంటిది.

గాలి లెక్క

స్థిరరాశిని కలిపినా ఇంకొకటి మిగులుతుంది. పట్టికలో ఢిల్లీ నుండి కలకత్తాకు, కలకత్తా నుండి ఢిల్లీకి ఒకటే కాలం ఉంటుంది. దూరం రెండు వైపులా ఒకటే కనుక కాలమూ ఒకటే అని వాటి తర్కం. కాని విమానం ఈదేది గాలిలో. ఆ గాలే కదులుతూ ఉంటే, ఏటికి ఎదురీదేవాడికీ వాలుకు పోయేవాడికీ ఉన్నంత భేదం వస్తుంది.

శీతాకాలంలో ఉత్తర భారతదేశం మీదుగా, హిమాలయాలకు దక్షిణంగా, చాలా ఎత్తున పడమటినుండి తూర్పునకు బలమైన వాయు ప్రవాహం సాగుతుంది. దీనిని జెట్ ప్రవాహం అంటారు. ఇటువంటి ప్రవాహాన్ని 1920లలో జపాను వాతావరణ శాస్త్రజ్ఞుడు వాసబురో ఓయిషి బెలూనులను ఎగురవేసి కనిపెట్టాడు. ఆయన తన నివేదికను ఎస్పెరాంటో భాషలో ప్రకటించటంవల్ల అది బయటి దేశాలలో చాలామంది దృష్టికి రాలేదు. రెండవ ప్రపంచయుద్ధంలో జపాను మీదికి ఎత్తుగా ఎగిరిన బాంబరు విమానాలు ఆ గాలికి ఎదురుపడినప్పుడు దాని బలం అందరికీ తెలిసివచ్చింది.

ఢిల్లీ, కలకత్తాల మధ్య 1,300 కి.మీ. దూరం, గంటకు 100 కి.మీ. పడమటి గాలి అనుకొందాం. నిలకడ వేగం మాత్రమే లెక్కకు తీసుకొంటే, పోయేటప్పుడు వేగం 950. కాలం 82 నిమిషాలు. వచ్చేటప్పుడు వేగం 750. కాలం 104 నిమిషాలు. గాలి లేకుంటే రెండూ కలిపి 183½ నిమిషాలు. గాలి ఉంటే 186. పోయేటప్పుడు కలిసివచ్చినది వచ్చేటప్పుడు తీరిపోతుందని తోస్తుంది గాని, అది నిజం కాదు. ఎదురుగాలిలో విమానం ఎక్కువ సేపు ఉంటుంది. అందుచేత నష్టం లాభాన్ని మించుతుంది. గాలి వేగం 200 అయితే మొత్తం 194 నిమిషాలు అవుతుంది. గాలి రెండింతలైతే నష్టం సుమారు నాలుగింతలైనది. సగటు వేగం అంటే వేగాల సగటు కాదని విద్యార్థికి చెప్పటానికి దీనికంటె మంచి ఉదాహరణ కావాలా?

పొడవైన దారి, తక్కువ కాలం

దూరం ఎక్కువైతే కాలం ఎక్కువ అన్న నమ్మకాన్ని కూడ గాలి తలక్రిందులు చేయగలదు. దీనికి మన దేశపు ఉదాహరణే ఉన్నది.

ఢిల్లీ నుండి అమెరికా పడమటి తీరాననున్న శాన్‌ఫ్రాన్సిస్కోకు మహావృత్తం మీద దూరం సుమారు 12,380 కి.మీ. గోడమీది ప్రపంచపటంలో ఈ రెండు నగరాలను స్కేలుతో కలిపి పసిఫిక్ మీదుగా గీత గీస్తే, ఆ గీత వెంట నిజమైన దూరం సుమారు 15,000 కి.మీ. ఉంటుంది. పటంలో సరళరేఖ అతి చిన్న దారి కాకపోవటం విద్యార్థికి వింతగా ఉంటుంది. సాధారణంగా ఆ పటం 1569లో మెర్కేటర్ రూపొందించిన పద్ధతిలో గీచినది. దిక్సూచిని ఒకే కోణంలో పట్టుకొని పోయే నావికుల కోసం ఆయన దానిని తయారుచేశాడు. ఆ పనికి అది నేటికీ చక్కనిదే. దూరాలు కొలవటానికి దానిని వాడటం మెర్కేటర్ తప్పు కాదు.

గ్లోబు మీద ఒక దారాన్ని ఈ రెండు నగరాల మధ్య బిగించి పట్టుకొంటే అసలు దారి కనిపిస్తుంది. దారం ఢిల్లీ నుండి దాదాపు ఉత్తరానికే లేచి, సైబీరియా దాటి, 75 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి పైన ఆర్కిటిక్ సముద్రాన్ని తాకి, అలాస్కా మీదుగా దిగుతుంది.

విమానాలు ఆ దారాన్ని సరిగా అనుసరించలేవు. టిబెట్ పీఠభూమి మీద విమానం లోపలి గాలి ఒత్తిడి హఠాత్తుగా తగ్గితే, ప్రయాణికులు ఊపిరి పీల్చుకోగల 10,000 అడుగుల ఎత్తుకు దిగటానికి వీలు లేదు. నేలే అంతకంటె ఎత్తు. అందుచేత ఎయిర్ ఇండియా విమానం మొదట ఐరోపా, అట్లాంటిక్‌ల మీదుగా పోయేది. ఆ దారి సుమారు 13,900 కి.మీ. 2016 అక్టోబరులో ఆ సంస్థ దారి మార్చి పసిఫిక్ మీదుగా నడిపింది. ఆ దారి సుమారు 15,300 కి.మీ., అనగా 1,400 కి.మీ. ఎక్కువ. ప్రయాణ కాలం మాత్రం సుమారు 14½ గంటలు. పాత దారికంటె దాదాపు రెండు గంటలు తక్కువ! సగటు తీసి చూస్తే గంటకు 1,055 కి.మీ. విమానానికి గాలిలో ఉండే సొంత వేగం 900 ప్రాంతం. మిగిలినది వెనుకనుండి వీచిన పడమటి గాలి ఇచ్చినదే. అట్లాంటిక్ దారిలో అదే గాలికి ఎదురుపోవలసి వచ్చేది.

ఇక్కడ ఒక అపోహను కూడ తొలగించాలి. భూమి తూర్పునకు తిరుగుతున్నది కనుక పడమరకు పోయే విమానానికి గమ్యం తనంతట తానే ఎదురు వస్తుందని కొందరు విద్యార్థులు వాదిస్తారు. అదే నిజమైతే ఢిల్లీ విమానానికి పడమటి దారే దగ్గరి దారి కావాలి. జరిగినది దానికి విరుద్ధం. భూమితో పాటు దాని గాలి, ఆ గాలిలోని విమానం అన్నీ తిరుగుతున్నవి. భూభ్రమణం వీచే గాలుల దిశను ఒకవైపు మళ్ళించి ఈ పడమటి గాలులకు కారణమవుతున్నది. విమానానికి నేరుగా చేసే సాయమేమీ లేదు.

గాలే కాదు, రాజకీయాలు కూడ దారిని మారుస్తాయి. హెల్సింకి నుండి టోక్యోకు 2022 ఫిబ్రవరికి ముందు సుమారు 9½ గంటలు పట్టేది. రష్యా గగనతలం మూతపడిన తరువాత ఆ ప్రయాణం సుమారు 13 గంటలైనది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసినప్పుడు, ఢిల్లీ నుండి పడమటి దేశాలకు పోయే విమానాలు దక్షిణంగా చుట్టు తిరిగి పోవలసి వచ్చింది. మహావృత్తం పొడవు ఒక్క మీటరు మారలేదు. పట్టికలోని అంకె కూడ మారలేదు. మారినది ప్రయాణం.

గడియారం చేసే చిక్కు

చివరగా కాలాన్ని లెక్కించటంలోనే ఒక చిక్కు ఉన్నది. 2021 జనవరిలో కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వాన మహిళా సిబ్బంది ఎయిర్ ఇండియా విమానాన్ని శాన్‌ఫ్రాన్సిస్కో నుండి ఉత్తర ధ్రువం మీదుగా బెంగుళూరుకు నడిపారు. దూరం సుమారు 14,000 కి.మీ. విమానం అక్కడ శనివారం రాత్రి బయలుదేరి, ఇక్కడ సోమవారం తెల్లవారుజామున దిగింది. క్యాలెండరు చూచినవారికి ఆదివారమంతా ఆకాశంలోనే గడిచినట్లు తోస్తుంది. నిజానికి ప్రయాణం సుమారు 17 గంటలు. మన గడియారం గ్రీనిచ్‌కు 5½ గంటలు ముందు. శాన్‌ఫ్రాన్సిస్కో గడియారం చలికాలంలో 8 గంటలు వెనుక. రెండింటికీ 13½ గంటల భేదం. బయలుదేరిన కాలాన్నీ చేరిన కాలాన్నీ ముందుగా ఒకే గడియారానికి మార్చి, తరువాతనే తీసివేయాలి. పట్టికలలో స్థానిక కాలమో, గడచిన కాలమో చెప్పకుండా వదలివేయటం పాఠకుణ్ణి దారి తప్పించటమే.

మంచి పట్టిక ఎట్లా ఉండాలి?

ఇన్ని విషయాలు ఎనిమిదో తరగతి పిల్లలకు అవసరమా అని ఎవరైనా అడగవచ్చు. దూరాన్ని వేగంతో భాగించటం మొదటి మెట్టు, దానిని నేర్పవలసిందే. గాలి, గగనతలం, గోళీయ త్రికోణమితి అన్నీ మొదటి రోజే చెబితే పిల్లవాడు బెదిరిపోతాడు. ఆక్షేపణ భాగహారం మీద కాదు. అక్కడితో ఆగిపోయి, వచ్చిన జవాబును ప్రయాణ కాలమని పిలవటం మీద. "విమానం దారి పొడవునా ఇదే వేగంతో పోయినట్లయితే" అన్న ఒక్క వాక్యం ప్రశ్నలో చేరిస్తే చాలు, లెక్క నిర్దోషమవుతుంది. ఆ వాక్యమే పిల్లవాణ్ణి "పోకపోతే?" అని అడిగిస్తుంది.

పట్టికలు తయారుచేసేవారు కూడ పెద్ద శ్రమ లేకుండా వీటిని బాగుచేయవచ్చు. దూరం ఏ బిందువుల మధ్య లెక్కించినదో చెప్పాలి. అది మహావృత్త దూరమని స్పష్టంగా వ్రాయాలి. కిలోమీటరు దాకా అంకెలు పేర్చటం మాని, పదికి సవరించి ఇవ్వాలి. కాలాన్ని భాగహారంతో పుట్టించక, కాలపట్టికలనుండి తీసుకొని, అది ఏ సంవత్సరపుదో పేర్కొనాలి. పోవటానికీ రావటానికీ వేరువేరుగా చూపాలి.

అటువంటి పట్టికలు వచ్చేవరకు ఉపాధ్యాయుడు ఆగవలసిన పని లేదు. ఒక గ్లోబు, ఒక దారం, ఒక గ్రాఫు కాగితం ఉంటే చాలు. తరగతిని జట్లుగా విభజించి, ఒక్కొక్క జట్టుకు హైదరాబాదు నుండి ఒక్కొక్క నగరాన్ని ఇవ్వవచ్చు. అక్షాంశ రేఖాంశాలనుండి దూరం వారే కట్టాలి. కాలాన్ని విమానాల కాలపట్టికనుండి తీసుకోవాలి. అన్ని జట్ల బిందువులూ ఒకే కాగితం మీద పడిన తరువాత, వాటి మధ్యనుండి పోయే సరళరేఖను గీయించి, అది నిలువు అక్షాన్ని ఎక్కడ తాకుతున్నదో అడగవచ్చు. కొన్ని బిందువులు రేఖకు పైనా, కొన్ని కిందా పడతాయి. అవి ఎందుకట్లా పడ్డవో చెప్పే పని ఆ బిందువులు తెచ్చిన జట్లకే అప్పగిస్తే, ప్రొపెల్లరు విమానమా, ఎదురుగాలా, రద్దీగా ఉన్న విమానాశ్రయమా అని వారే వెతుక్కుంటారు.